వెనక్కి ఏడు ఆదివారాలు

నా చిన్నప్పుడు ఒక పెద్దాయనకి మతి చెడిందని నేను సాక్ష్యం చెప్పాను. నాకప్పుడు పదేళ్ళు. చెప్పింది కోర్టులో కాదు, ఆక్లాండ్‌లో మౌంట్ ఆల్బర్ట్ వైపు ముసలివాళ్ళుండే ఒక రెస్ట్ హోమ్‌లో, ఇన్‌ఛార్జి నర్సు ఆంటీ ఇచ్చిన చాక్లెట్ బిస్కెట్ నములుతూ. మా పిన్ని పిల్లలు నన్ను పెద్దదాన్ని చేసి, ఏదైనా చెప్పక్కా అని చుట్టూ చేరినప్పుడు గొప్పగా చెప్పుకోవడానికి నా దగ్గర వేరే కథలు ఉన్నాయి. ఇది మాత్రం గొప్పకి చెప్పేది కాదు.

మేము గుంటూరు నుంచి వచ్చి అప్పటికి మూడేళ్ళు. అమ్మ అక్కడ నర్సు. ఇక్కడ ఆ చదువు చెల్లాలంటే ఇంకో కోర్సు చేయాలన్నారు కాబట్టి, ఆలోగా ఈ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది. నాన్నకి న్యూ లిన్‌లో ఒక గోడౌన్‌లో పని. పద్నాలుగేళ్ళు నిండని పిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదలకూడదని ఈ దేశంలో రూలు. అందుకని బడి అయ్యాక నేను నడుచుకుంటూ హోమ్‌కి వెళ్ళి, ఐదింటికి అమ్మ షిఫ్టు అయ్యేదాకా అక్కడే ఉండేదాన్ని. పైవాళ్ళు చూసీచూడనట్టు ఊరుకునేవాళ్ళు, ఎందుకంటే ముసలివాళ్ళకి నేనంటే ఇష్టం. ఆ ఇష్టాన్ని నేను బిస్కెట్ల రూపంలో బాగానే వసూలు చేశాను.

అక్కడున్న వాళ్ళలో నాకు అందరికంటే దగ్గరివాడు జర్మన్ తాతయ్య. ఆయన అసలు పేరు పలకడం మాలో ఎవరికీ సరిగ్గా వచ్చేది కాదు. అమ్మ నన్ను 'తాతయ్యగారు' అని పిలవమంది. ఆ పిలుపు ఆయనకి నచ్చి, దాని అర్థం అడిగి తెలుసుకుని, తలుపు మీదున్న తన పేరు కింద నాచేత పెన్సిల్‌తో తెలుగులో రాయించుకున్నారు. బవేరియా వైపు ఏదో చిన్న ఊరు ఆయనది. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో భార్యతో ఓడెక్కి వచ్చి, యాభై ఏళ్ళు ఈ ఊళ్ళో వంటింటి అలమరలు చేసిన వడ్రంగి. భార్య పోయాక, అంతకుముందు చలికాలంలోనే హోమ్‌కి వచ్చారు. పెరట్లో చిన్న రేకుల షెడ్డు ఉండేది. హోమ్‌లో విరిగిన ప్రతి కుర్చీ అక్కడికి చేరేది. ఆయన అతికేవారు, నేను గరుకు కాగితంతో రుద్దేదాన్ని. చెక్కలో చార ఎటు పోతే అటే రుద్దాలని ఆయన రోజూ చెప్పేవారు. నిన్న చెప్పానని ఆయనకి గుర్తుండేది కాదు. టీ తాగారో లేదో కూడా గుర్తుండేది కాదు. కొలతలు మాత్రం ఎప్పుడూ తప్పలేదు.

ఒక సోమవారం, ఎండ బాగా కాస్తున్న ఫిబ్రవరి మధ్యాహ్నం, ఆయన ఉలి పక్కన పెట్టి, గురువారం మనకి పని లేదన్నారు. ఎందుకని అడిగితే, గురువారం నేను చైనావాణ్ణి అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు మా ఊళ్ళో అందరూ చైనావాళ్ళేనని, తెల్లవారకముందే డప్పులు కొట్టుకుంటూ వీధులన్నీ తిరిగి జనాన్ని లేపుతామని, ఆ తర్వాత చక్రవర్తి వస్తాడని చెప్పి, పసుపుపచ్చ గుడ్డ ఎక్కడ దొరుకుతుందని నన్నడిగారు. ఆయన ముఖం చూస్తే, రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి అన్నంత మామూలుగా ఉంది.

నాకు బుర్ర తిరిగింది. ఎందుకంటే ఆయన ఎదురు గదిలోనే చైనా ఆవిడ ఒకరు ఉండేవారు. ఆవిడ మనవలు పోపో అని పిలుస్తారని అందరం అలాగే పిలిచేవాళ్ళం. పోపో అంటే అమ్మమ్మ అట. తీరా ఆవిడని అడిగితే, చైనా ఎప్పుడూ చూడలేదని, ఆక్లాండ్‌లోనే వాళ్ళ నాన్న కూరగాయల తోటలో పుట్టానని ఒకసారి చెప్పారు. చైనా చూడని చైనావిడ, చైనావాణ్ణనే జర్మన్ తాతయ్య, డెయిరీకి, అంటే వీధి మలుపులో కొట్టుకి, వెళితే ఫిజీ నుంచి వచ్చావా అని అందరూ అడిగే నేను. వీళ్ళలో ఎవరు ఎక్కడివాళ్ళో తేల్చుకోవడం నా వల్ల కాలేదు. పైగా, ఇంకో జాతివాళ్ళలా వేషం వేసుకుని నవ్వులాట చేయకూడదని అంతకుముందు వారమే బళ్ళో టీచరు చెప్పింది. తాతయ్య చెడ్డపని చేయబోతున్నారా, పిచ్చిపని చేయబోతున్నారా, నాకు తెలియలేదు.

మంగళవారం హాల్లో పసుపుపచ్చ కర్టెన్ ఒకటి కనిపించలేదు. తాతయ్య అలమరలో మడతపెట్టి దొరికింది. గురువారం తెల్లవారుజామున రెండింటికి లేపమని, ఒక మూకుడు, గరిటె కావాలని ఆయన నైట్ షిఫ్టువాళ్ళని కూడా అడిగారని తెలిసింది. ముసలివాళ్ళు వింతగా మాట్లాడితే ఆ హోమ్‌లో మొట్టమొదట చేసేది మూత్ర పరీక్ష. ఇన్ఫెక్షన్ ఉంటే ఆ వయసులో మనిషి తికమకపడతాడు. సీసా పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది మా అమ్మే. పరీక్షలో ఏమీ తేలలేదు. దాంతో సంగతి ఇంకా పెద్దదయింది.

ఆ సాయంత్రమే ఇన్‌ఛార్జి నర్సు ఆంటీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తాతయ్య నీతో ఏమైనా వింతగా మాట్లాడారా అని అడిగింది. నేను బిస్కెట్ నములుతూ అన్నీ చెప్పాను. చైనా, చక్రవర్తి, డప్పులు. ఇంకొంచెం రక్తి కట్టిద్దామని, తనే చక్రవర్తినని అన్నట్టు కూడా చెప్పాను. ఆయన ఆ మాట అనలేదు. ఆవిడ నవ్వుతూ వింది, తర్వాత ఫైలు తీసి రాసింది.

ఆ రాతకి ఏమవుతుందో నాకు తెలియదు. భవనం చివర నంబర్లు నొక్కితే తెరుచుకునే తలుపు ఒకటి ఉండేది. మతి తప్పినవాళ్ళని ఆ తలుపు అవతల ఉంచుతారు. అవతలినుంచి పెరట్లోకి దారి లేదు. షెడ్డు లేదు, ఉలి లేదు, గరుకు కాగితం లేదు. గురువారం డాక్టరు వచ్చి చూసి, ఆయన్ని ఆ తలుపు అవతలికి మార్చాలో లేదో చెబుతాడు. ఈ సంగతి ఇంటికెళ్ళే బస్సులో అమ్మ చెప్పింది. ఫైలు ఆమె చదివింది. అందులో నా మాటలు ఉన్నాయి.

"నువ్వే చెప్పావంటగా," అంది.

నేను కిటికీవైపు తిరిగాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అట్టా ఎందుకన్నారో అడిగావా ఆయన్ని?"

లేదన్నాను. బస్సు రెండు స్టాపులు దాటింది. తర్వాత అమ్మ, నాతో కాకుండా బస్సుతో చెబుతున్నట్టు, "నేనూ అడగలా. సీసా పట్టుకుని పోయా," అంది.

చక్రవర్తి మాట నా కల్పన అని నేనప్పుడు ఒప్పుకున్నాను. ఏడుపొచ్చింది. తాతయ్య ఆ తలుపు అవతలికి పోతే అది నా వల్లేనని నాకు అర్థమయింది. అంత బరువు నేను అంతకుముందు ఎప్పుడూ మోయలేదు. అమ్మ ఓదార్చలేదు, రేపు పొద్దున వెళ్ళగానే ఆంటీకి ఆ మాట చెప్పి దిద్దిస్తానంది, అంతే.

బుధవారం నేను వెళ్ళాక అమ్మ ఒక వింత పని చేసింది. తాతయ్య గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇది వింతేమిటని మీకనిపిస్తుంది. కేర్‌గివర్లు కూర్చోరు. ఒక్కొక్కరికి పది పన్నెండు మంది ముసలివాళ్ళు, స్నానాలు, మందులు, పక్కబట్టలు. అమ్మ ఆ హోమ్‌లో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నం తన టీ విరామం అంతా ఆయనకి ఇచ్చింది. మొదటినుంచి చెప్పండి, నాకు తెలియదు, అంది.

తాతయ్య మొదటినుంచి చెప్పారు. నేను మంచం చివర కూర్చుని విన్నాను. వాళ్ళ ఊరి చుట్టూ గోడ ఉంటుందట. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట బిషప్పు మనిషి పన్నులకని వస్తే, ఊరివాళ్ళు కోట తలుపులు మూసేసి లోపల కూర్చున్నారట. అతను కోపంగా తిరిగిపోయి, వాళ్ళు మనుషులు కారు, గోడ వెనక దాక్కునే చైనావాళ్ళు అని చెప్పాడట. ఆ తిట్టు ఊరివాళ్ళకి తెగ నచ్చింది. అవును మేం చైనావాళ్ళమే అన్నారు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యే ముందు వచ్చే గురువారం, ఉపవాసాలకి ముందు చివరి ఆటపాటల్లో, ఊరంతా పట్టుబట్టలు, పసుపు అంగీలు వేసుకుని ఊరేగుతుంది. ఒకాయన చక్రవర్తి అవుతాడు. ఆ ఊళ్ళో ఎవరూ అప్పటికి చైనావాణ్ణి చూసిందే లేదని తాతయ్య తనే చెప్పి, కొంచెం సిగ్గుపడ్డారు. ఇక్కడికి వచ్చాక ఆయన, భార్య ప్రతి ఏడూ ఆ గురువారం అంగీలు వేసుకుని, పెరట్లో బట్టలారేసే తీగ చుట్టూ ఇద్దరే ఊరేగేవారట. అంగీలు ఆవిడ కుట్టింది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు అవి ఎటుపోయాయో తెలియలేదు. ఈ ఏడు వేసుకోకపోతే, ఆవిడ ఒక్కత్తే తిరుగుతున్నట్టు ఉంటుందని అన్నారు.

అమ్మ కళ్ళు తుడుచుకుని లేచి, మళ్ళీ పక్కబట్టల పనిలో పడింది. కానీ ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. మేము ఆర్.సి.ఎం. వాళ్ళం, కాథలిక్కులం. గుంటూరు నుంచి ఎవరో తెచ్చిచ్చిన గుడి క్యాలెండర్ ఫ్రిజ్ మీద ఉండేది. అమ్మ వేలు పెట్టి చూసింది. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం వచ్చే వారమే. దానికి ముందు గురువారం అంటే రేపే. షిఫ్టుల గొడవలో ఆ సంగతి మాకే గుర్తులేదు. ఏటేటా మారిపోయే పండగ అది. హోమ్‌లో ఎవరూ ఆయనకి చెప్పలేదు. టీ తాగింది లేనిది గుర్తుండని మనిషికి ఆ రోజు తప్పకుండా ఎలా తెలిసిందో అమ్మకి ముందు అంతుపట్టలేదు. క్యాలెండర్ ఈస్టర్ దాకా తిప్పి చూసి, తర్వాత నవ్వింది.

గురువారం బడి నుంచి పరుగెత్తాను. డాక్టరు అప్పటికే ఆయన గదిలో ఉన్నాడు. ఇన్‌ఛార్జి ఆంటీ పక్కన ఉంది. తలుపు తెరిచే ఉంది. నేను వరండాలో మేమిద్దరం బాగుచేసిన కుర్చీ మీద కూర్చున్నాను. ఈ దేశం పేరు, ఈ ఊరి పేరు తాతయ్య సరిగ్గానే చెప్పారు. మూడు వస్తువుల పేర్లు గుర్తుపెట్టుకోమంటే ఒకటి మరిచిపోయారు. వందలోంచి ఏడు తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంటే తొంభై మూడు అని ఆగి, దేని కోసం అని అడిగారు. పరీక్ష కోసం అన్నాడు డాక్టరు. దేన్ని కొలవడానికో చెప్పకుండా లెక్కేమిటన్నట్టు తాతయ్య కిటికీవైపు తిరిగారు. డాక్టరు కాగితం మీద ఏదో రాశాడు.

అప్పుడు అమ్మ టీ ట్రే పట్టుకుని లోపలికి వెళ్ళింది. అది టీ ఇచ్చే వేళ కాదు. ట్రే బల్ల మీద పెట్టి, డాక్టరుతో ఒక్క మాట చెప్పవచ్చా అని అడిగింది. మా వీసా కాగితాలు ఇంకా ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నాయి. కేర్‌గివర్ డాక్టరుకి మధ్యలో అడ్డం రావడం ఆంటీకి నచ్చలేదని ముఖమే చెబుతోంది. వందనుంచి కాదు, ఆయన్ని ఈస్టర్ నుంచి వెనక్కి లెక్కపెట్టమనండి, అంది అమ్మ.

డాక్టరుకి అర్థం కాలేదు. అయినా అడిగాడు. తాతయ్య లేచారు. గోడకి వేలాడుతున్న క్యాలెండర్‌లో ఈస్టర్ ఆదివారం మీద మొద్దు బొటనవేలు పెట్టారు. అక్కడినుంచి వెనక్కి ఆదివారాలు లెక్కపెడుతూ, కాగితాలు తిప్పుతూ, గట్టిగా పలుకుతూ వచ్చారు. ఒకటి, రెండు, మూడు. ఏడో ఆదివారం దగ్గర ఆగారు. అక్కడినుంచి ఇంకా వెనక్కి శనివారం, శుక్రవారం, గురువారం. బొటనవేలు ఆగింది. ఇది, అన్నారు. డాక్టరు తన ఫోను తీసి చూసుకున్నాడు. వేలు ఆగింది ఆ రోజు మీదే. ఏడేసి రోజుల చొప్పున ఏడుసార్లు వెనక్కి వచ్చారు, చివర మూడు రోజులు కూడా తప్పలేదు.

అప్పుడు డాక్టరు కూడా కూర్చున్నాడు. చైనా సంగతి ఏమిటని అడిగాడు. తాతయ్య మళ్ళీ గోడ దగ్గరినుంచి మొదలుపెట్టారు. మరుపు ఉంది, పెరుగుతోంది కూడా, కానీ ఇప్పుడే మార్చక్కర్లేదని, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దామని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. ఇన్‌ఛార్జి ఆంటీ అమ్మని ఏమీ అనలేదు. పోతూ పోతూ, కర్టెన్ మాత్రం హాల్లో మళ్ళీ తగిలించమంది.

కర్టెన్‌తో మాకు పని లేకపోయింది. అమ్మ సంచిలోంచి పసుపుపచ్చ మంగళగిరి చీర తీసింది. జరీ అంచున్న ఆ చీర తన పుట్టింటివాళ్ళు పెట్టింది. దాన్ని మడతలు పెట్టి తాతయ్య భుజాల మీదుగా తెచ్చి, రొమ్ము దగ్గర అటూ ఇటూ వేసి, పిన్నీసులు పెట్టి, డ్రెస్సింగ్ గౌను తాడుతో నడుం కట్టింది. నేను ఆయన అడిగినట్టు కాటుక పెన్సిల్‌తో కిందికి వేలాడే సన్నని మీసాలు గీశాను. గీస్తుండగా టీచరు గుర్తొచ్చింది. చేయి ఆగింది, మళ్ళీ గీశాను. వద్దని ఎవరికి చెప్పాలో నాకు తెలియలేదు.

తలుపు దగ్గర పోపో నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి ఉన్నారో ఎవరం చూడలేదు. తాతయ్య ముఖం ఎర్రబడింది. పోపో నెమ్మదిగా కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడి, నువ్వు చైనా చూశావా అని అడిగారు. లేదన్నారు ఆయన. నేనూ చూడలేదు, అన్నారు ఆవిడ. తర్వాత కర్ర నా చేతికిచ్చి, అమ్మ పెట్టిన పిన్నీసులు ఒక్కొక్కటే తీసేశారు. చీర లాగేస్తారేమోనని నాకు భయం వేసింది. ఆవిడ లాగేయలేదు. రొమ్ము మీది మడతల్ని అటుది ఇటు, ఇటుది అటు మార్చి, కుడివైపుకి మూసుకునేలా మళ్ళీ పిన్నీసులు పెట్టారు. ఎడమవైపుకి మూస్తే అది శవానికి తొడిగినట్టని, వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు చూశానని చెప్పారు. చివరికి మేజా మీది కాగితపు రుమాలు తీసి ఆయన చేతిలో పెట్టి, మీసాలు చూపించారు. తాతయ్య మారుమాట లేకుండా తుడిచేసుకున్నారు.

తర్వాత ఊరేగింపు జరిగింది. మూకుడు మూత, గరిటెతో తాతయ్య ముందు, వెనక నేను, నా వెనక చక్రాల కుర్చీల్లో నలుగురు. వరండా ఈ చివరినుంచి నంబర్ల తలుపుదాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. ఆ తలుపు దగ్గర ఆయన మూత మీద గట్టిగా మూడు దెబ్బలు కొట్టారు. అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. తిరిగి వస్తూ ఆయన నా తల మీదుగా, నా పక్కన ఎవరో నడుస్తున్నట్టు చూస్తూ జర్మన్‌లో ఏదో అన్నారు. పోపో మాత్రం రాలేదు. తన గది తలుపు దగ్గరే నిలబడి చూశారు. నవ్వలేదు, ముఖం తిప్పుకోనూ లేదు.

షిఫ్టు అయ్యాక అమ్మ ఆ రోజు రాత ఫైలులో రాస్తుంటే భుజం మీదనుంచి చదివాను. పైన మూడు రోజులుగా ముగ్గురి చేతిరాతల్లో ఒకే మాట ఉంది, ఈయన తికమకగా ఉన్నారని. అమ్మ కింద ఇంగ్లీషులో రాసింది: ఈయన చెప్పింది మొదట నాకు అర్థం కాలేదు. అడిగాను. చెప్పారు. అంతే రాసి సంతకం పెట్టింది. అడిగేదేదో మంగళవారమే అడిగి ఉంటే సీసా పట్టుకుని ఆయన గదికి పోయే పని ఉండేది కాదని, బస్సులో తనని తనే తిట్టుకుంది.

కానీ నా తికమక తీరలేదు. తాతయ్య ఆనందం నిజం. పోపో తుడిపించిన మీసాలూ నిజం. ఆవిడకి కోపం వచ్చిందా, రాలేదా. మేము అందరం తాతయ్యని అడిగాం, ఆవిడని ఎవరం అడగలేదు. అది తట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. సోమవారం వెళ్ళి, మీకు కోపం వచ్చిందా అని అడిగాను. పోపో, తన చిన్నప్పుడు బళ్ళో పిల్లలు కళ్ళు పక్కలకి లాగి తనని వెక్కిరించేవాళ్ళని, ఆ మీసాలు చూడగానే వాళ్ళు గుర్తొచ్చారని చెప్పారు. కోపం సగం వచ్చింది, అన్నారు. మరి మిగతా సగం అంటే, దాని గురించి ఇంకా ఆలోచిస్తున్నానన్నారు. తర్వాత, ఎనభై ఏళ్ళలో ఈ మాట నన్ను ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి, అని నాకు బిస్కెట్ ఇచ్చారు. ఆ బిస్కెట్ నేను అక్కడ తినలేకపోయాను, జేబులో పెట్టుకున్నాను.

మూడు నెలల తర్వాత డాక్టరు మళ్ళీ వచ్చాడు, అప్పుడూ మార్చలేదు. ఆ తర్వాతి ఏడు చలికాలంలో తాతయ్య తన మంచం మీదే, పెరడు కనిపించే గదిలోనే పోయారు. అమ్మ ఆ చీర ఆయనకి చుట్టి పంపింది. పంపే ముందు పోపోని పిలిచింది, ఇప్పుడు ఎటువైపు మూయాలో చెప్పమని. పోపో ఎడమవైపుకి మూసి, చేత్తో సర్ది, బయటికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేనూ నర్సునే, ఆసుపత్రిలో ముసలివాళ్ళ వార్డులో. రోజుకి నాలుగైదుసార్లు, తికమకగా ఉన్నారన్న ఆ మాట రాయాల్సిన సందర్భం వస్తుంది. ఒకావిడ పొద్దున్నే కోళ్ళని వదలాలంటుంది, ఒకాయన దుప్పటి మడిచి ఓడెక్కాలంటాడు. కొందరికి నిజంగానే మతి తప్పి ఉంటుంది, అప్పుడు ఆ మాటే రాస్తాను, రాయాలి. కానీ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటాను. నాతో పనిచేసే పిల్లలు ఈ రద్దీలో ఈమె కూర్చుంటుందేమిటని గుసగుసలాడతారని తెలుసు. కూర్చుని అడిగాక కూడా చాలాసార్లు ఏమీ తెలియదు. అలాంటప్పుడు వాళ్ళు తికమకగా ఉన్నారని రాయను. నాకు అర్థం కాలేదు అని రాసి, కింద నా పేరు పెడతాను.